తలా రూ.1.92 లక్షలు: ఒక హెడ్డింగ్ మీద కేస్ స్టడీ

2023 డిసెంబరు 20, బుధవారం. తెలంగాణలో ప్రభుత్వం మారి పదమూడు రోజులు. ఉప ముఖ్యమంత్రి, ఆర్థిక మంత్రి మల్లు భట్టి విక్రమార్క రాష్ట్ర ఆర్థిక పరిస్థితి మీద అసెంబ్లీలో శ్వేతపత్రం పెట్టారు. 42 పేజీలు. కాపీలు పంచిన కాసేపటికే చర్చ మొదలుపెట్టబోతే, చదువుకోవడానికి టైమైనా ఇవ్వరా అని బీఆర్‌ఎస్, మజ్లిస్ సభ్యులు లేచారు. స్పీకర్ అరగంట విరామం ఇచ్చారు.

నేను ఒక తెలుగు దినపత్రికలో స్టేట్ డెస్క్ చూస్తాను. ఆ పీడీఎఫ్ మా వాట్సాప్ గ్రూపులో పడ్డాక మాకు దొరికిన టైము కూడా ఇంచుమించు అంతే. బ్యూరో నుంచి సభా వార్త వస్తోంది, గొడవ వార్త వేరే వస్తోంది, ఆన్‌లైన్ వాళ్లు ముందే ‘6.71 లక్షల కోట్ల అప్పుల కుప్ప’ అని వదిలేశారు. పేజీలో నాకు కావాల్సింది అంతకంటే మనిషికి దగ్గరగా తగిలే మాట. క్యాలిక్యులేటర్ తీశాను. శ్వేతపత్రం చూపిన మొత్తం అప్పు 6,71,757 కోట్లు, భాగహారం మూడున్నర కోట్ల జనం. ‘తలా రూ.1.92 లక్షలు’. కింద చిన్న అక్షరాల్లో ‘పుట్టబోయే బిడ్డ నెత్తినా ఇంతే!’ అని ఉపశీర్షిక. పేజీలు కట్టే కుర్రాడు చూసి ‘అదిరింది సార్’ అన్నాడు. రాత్రి పదింపావుకి పేజీ వదిలాం.

ఆ హెడ్డింగ్‌లో ఏం తప్పు జరిగిందో, దాన్ని దిద్దుకోవడానికి మా డెస్కులో ఏం మార్చామో, ఏది మార్చలేకపోయామో చెప్పడానికే ఇది రాస్తున్నాను. రాష్ట్ర బడ్జెట్ వార్తలు చూసే డెస్కు మిత్రులకు, జిల్లాల్లో కంట్రిబ్యూటర్లకు పనికి రావచ్చు.

మర్నాటి ఫోను

పొద్దున పదకొండింటికి కరీంనగర్ నుంచి ఒకాయన ఫోన్ చేశారు. ఆడిట్‌లో చేసి రిటైరయ్యారట.

‘ఆ హెడ్డింగ్ పెట్టింది మీరేనా సారూ?’

‘అవునండీ.’

‘మరి మూడు లక్షల ఎనభై తొమ్మిది వేల కోట్లని లోపల రాసిన్రు కదా, అది ఏ తారీఖు లెక్క?’

నేను పేపరు తిప్పాను. మా వార్తలో తారీఖు లేదు. శ్వేతపత్రంలో ఉంది. 6.71 లక్షల కోట్లలో సగానికి పైగా ఉన్న ఆ ముక్క 2023–24 బడ్జెట్ అంచనా. అంటే, అంతకుముందు ఫిబ్రవరి 6న అప్పటి ఆర్థిక మంత్రి హరీశ్‌రావు రూ.2,90,396 కోట్ల బడ్జెట్ పెట్టినప్పుడు, 2024 మార్చి 31 నాటికి అప్పు ఇంత ఉండొచ్చని వేసుకున్న అంచనా. ఆ మార్చి ఇంకా రానేలేదు.

‘ఇంకా రాని తారీఖు అప్పును ఇయ్యాల్టి అప్పన్నట్టు ఏసిన్రు. పైన జనాభా 2011ది పట్టిన్రు. లవం రేపటిది, హారం మొన్నటిది. గిదేం లెక్క సారూ?’ అని నవ్వి, ‘అయినా మీరొక్కలే కాదు, అందరూ గట్లనే ఏసిన్రు’ అని ఓదార్చి పెట్టేశారు.

ఓదార్పు దగ్గర నాకు ఇంకా మండింది. మధ్యాహ్నం కూర్చుని 42 పేజీలూ మొదటిసారి సరిగ్గా చదివాను. ముందురోజు రాత్రి నేను చదివింది మొదటి మూడు పేజీలు, చివరి పట్టికే అని ఒప్పుకోవాలి.

నాలుగు సంచులు

6,71,757 కోట్లు అన్నది ఒక అప్పు కాదు. నాలుగు సంచులు కలిపి కట్టిన మూట.

మొదటిది, రాష్ట్రం తన పేరు మీద తెచ్చుకున్నది, ప్రభుత్వాల అప్పుకు, లోటుకు హద్దు పెట్టే ఎఫ్‌ఆర్‌బీఎం చట్టం పరిధిలోకి వచ్చేది: 3,89,673 కోట్లు. ఇందులో పెద్ద భాగం ఆర్‌బీఐ మంగళవారాలు వేసే వేలంలో అమ్మిన బాండ్లు. రెండోది, కార్పొరేషన్లు తెచ్చుకుంటే ప్రభుత్వం హామీ ఉండి, కిస్తీలు కూడా ప్రభుత్వమే కడుతున్నది: 1,27,208 కోట్లు. కాళేశ్వరం కార్పొరేషన్, మిషన్ భగీరథ కోసం పెట్టిన తాగునీటి కార్పొరేషన్ లాంటివి ఈ కోవలోకి వస్తాయి. వాటికి సొంత రాబడి అంటూ ఏమీ లేదు. మూడోది, ప్రభుత్వం హామీ ఇచ్చింది గానీ కిస్తీ ఆ సంస్థే కట్టుకోవాల్సినది: 95,462 కోట్లు. నాలుగోది, హామీ కూడా లేకుండా సంస్థలు తెచ్చుకున్నది: 59,414 కోట్లు.

కూడితే సరిగ్గా 6,71,757. కూడిక తప్పు కాదు. నాలుగు సంచుల్లో ఉన్నది ఒకే సరుకన్నట్టు పేజీలో పరచడమే తప్పు. మొదటి రెండూ ఎలా చూసినా జనం పన్నుల్లోంచి కట్టేవే. ఆ రెండింటినే తీసుకుంటే 5,16,881 కోట్లు, తలా 1.48 లక్షలు. మొదటిదే తీసుకుంటే తలా 1.11 లక్షలు. మూడో సంచి అంత తేలిగ్గా పక్కన పెట్టేది కాదు. ఒక కరెంటు సంస్థ తన అప్పు తనే కట్టుకుంటుంది అంటే చార్జీల్లోంచో, ప్రభుత్వం ఇచ్చే సబ్సిడీలోంచో కట్టాలి. చార్జీలు పెంచనివ్వకపోతే, సబ్సిడీ టైముకు రాకపోతే, ఆ ‘తనే’ అన్న మాటకు అర్థం లేదు. అలాగని బాండ్ల అప్పుతో సమానంగా లెక్కెయ్యడమూ కుదరదు. ఇదంతా ఒక్క హెడ్డింగ్‌లో పట్టదు, నిజమే. పట్టనప్పుడు ఏ సంచి గురించి మాట్లాడుతున్నామో చెప్పే రెండు ముక్కలకైనా చోటు దొరకాలి.

ఇంతకంటే పెద్ద తప్పు మా ఇంట్రోలో ఉంది. ‘పదేళ్లలో రూ.72,658 కోట్ల నుంచి రూ.6.71 లక్షల కోట్లకు, తొమ్మిది రెట్లకు పైగా’ అని రాశాం. 72,658 కోట్లన్నది 2014–15 నాటికి మొదటి సంచి ఒక్కటే. దాన్ని తీసుకొచ్చి నాలుగు సంచుల మూట పక్కన నిలబెట్టాం. మొదటి సంచిని మొదటి సంచితో పోలిస్తే 72,658 నుంచి 3,89,673, అయిదు రెట్లకు కాస్త పైన. అదీ చిన్న పెరుగుదలేం కాదు, బ్యానర్‌కు చాలినంత వార్తే. కానీ తొమ్మిది రెట్లని వేశాం కాబట్టి, నాలుగు రోజుల తర్వాత ఎదుటివాళ్లు మా లెక్క పట్టుకుని మొత్తాన్నీ కొట్టిపారేయడానికి మేమే దారి ఇచ్చాం.

స్వేదపత్రం ఆదివారం

డిసెంబరు 24న తెలంగాణ భవన్‌లో కేటీఆర్ ‘స్వేదపత్రం’ విడుదల చేశారు. శ్వేత, స్వేద (అంటే చెమట). చిన్న మార్పుతో అంత అందమైన ప్రాస దొరికితే తెలుగు డెస్కు ఊరుకుంటుందా? ‘శ్వేతం x స్వేదం’ అని పేజీ మధ్యలో గీత కొట్టి అటొక ఫొటో, ఇటొక ఫొటో పెట్టాం. అటు 6.71 లక్షల కోట్లు, ఇటు 3.17 లక్షల కోట్లు. అటు విధ్వంసం, ఇటు 50 లక్షల కోట్ల సంపద సృష్టి. మా లెక్క ప్రకారం అది ‘బ్యాలెన్స్‌డ్’ కవరేజీ. రెండు వైపులా సమానంగా సెంటీమీటర్లు.

పాఠకుడికి మిగిలిందేమిటి? రాష్ట్రానికి ఎంత అప్పుందో తెలుగు పేపరు చదివితే తెలియదు అన్న నమ్మకం. కాంగ్రెస్ అభిమాని మొదటి అంకె తీసుకున్నాడు, బీఆర్‌ఎస్ అభిమాని రెండోది. రెండు అంకెలూ వేర్వేరు ప్రశ్నలకు జవాబులని మేం చెప్పలేదు. 3.17 లక్షల కోట్లన్నది కార్పొరేషన్ల సంచులన్నీ పక్కన పెట్టి, మొదటి సంచిలోంచి కూడా పాత 72,658 కోట్లు తీసేసిన అంకె. ఆ ఆదివారం కేటీఆర్‌ను అడగాల్సింది ఒకటే: కాళేశ్వరం కార్పొరేషన్ అప్పుకు కిస్తీ కడుతున్నది ఎవరి ఖాతాలోంచి? భట్టిని బుధవారం అడగాల్సింది ఇంకోటి: హామీ లేని 59 వేల కోట్లను రాష్ట్రం అప్పు అనడానికి ఆధారం ఏమిటి, రేపు మీ హయాంలో కార్పొరేషన్లు తెచ్చే అప్పునూ ఇలాగే కలిపి చూపిస్తారా? మా రిపోర్టర్లు మెరికలే. వాళ్లను ఆ రెండు ప్రశ్నలతో పంపాల్సింది డెస్కు. మేం ప్రాస వెతుకుతున్నాం.

మొదటి ప్రశ్నకు జవాబు అప్పటికి ఇరవై నెలలుగా బల్ల మీదే ఉంది. అది నాకు తర్వాత గుర్తొచ్చి సిగ్గేసింది. 2022 మార్చిలో కేంద్ర ఆర్థిక శాఖ అన్ని రాష్ట్రాలకూ ఒక లేఖ రాసింది. మీ కార్పొరేషన్లు తెచ్చిన అప్పుకు అసలో వడ్డీయో మీ బడ్జెట్‌లోంచి కడుతుంటే అది మీ అప్పే, మీ రుణ పరిమితిలోంచి మినహాయిస్తాం అని. రాజ్యాంగం 293(3) అధికరణ ప్రకారం కేంద్రానికి బాకీ ఉన్న రాష్ట్రం కొత్త అప్పుకు కేంద్రం ఒప్పుకోలు తీసుకోవాలి. ఆ ఏడాది ఏప్రిల్, మే నెలల్లో తెలంగాణ బాండ్లకు ఆ ఒప్పుకోలు ఆలస్యమైంది. హరీశ్‌రావు గట్టిగా నిరసించారు. ఆ గొడవను మేం ‘కేంద్రం కక్ష’, ‘రాష్ట్రం అప్పుల ఊబి’ అని రోజుకొకటి చొప్పున వారం రోజులు వేశాం. సంచుల సంగతి అప్పుడే ఒక గ్రాఫిక్‌గా వేసి ఉంటే, 2023 డిసెంబరులో శ్వేతపత్రం మాకు కొత్తగా ఉండేది కాదు. కేంద్రం ఆ నిబంధనను అలా వర్తింపజేయడం సబబేనా అన్నది వేరే చర్చ. కేరళ సుప్రీంకోర్టుకు వెళితే, 2024 ఏప్రిల్ 1న ఆ కేసును రాజ్యాంగ ధర్మాసనానికి పంపారు. ఆ చర్చలో ఏ పక్షాన ఉన్నా, ఏ అప్పు ఎవరు కడుతున్నారన్నది మాత్రం అభిప్రాయం కాదు, ఖాతాలో కనిపించే సంగతి.

ఆగస్టు పేజీలు తిరగేస్తే

జనవరిలో ఖాళీ దొరికినప్పుడు ఇంకో పని చేశాను. ఎన్నికలకు ముందు నెలల మా పేపర్లే లైబ్రరీలోంచి తీయించి, ఖజానా తాలూకు వార్తలు ఏ పేజీలో వేశామో చూశాను. ఈ కేసులో నాకు అన్నిటికంటే పనికొచ్చింది ఇదే.

2023 ఆగస్టు. కోకాపేట నియోపొలిస్‌లో ఎకరం 100.75 కోట్లు పలికింది. మొత్తం వేలం రాబడి 3,319 కోట్ల పైచిలుకు. మేం మొదటి పేజీలో పండగలా వేశాం, ‘సెంచరీ కొట్టిన కోకాపేట’ తరహాలో. ఔటర్ రింగ్ రోడ్డును ముప్పై ఏళ్లకు ఐఆర్‌బీ సంస్థకు 7,380 కోట్లకు లీజుకిచ్చిన వ్యవహారం రాజకీయాల పేజీలో. రేవంత్‌రెడ్డి ఆరోపణలు, అధికారుల ఖండనలు. మద్యం దుకాణాల లైసెన్సులకు నవంబరు దాకా గడువుండగానే ఆగస్టులో టెండర్లు పిలిచారు. 2,620 షాపులకు 1.32 లక్షల దరఖాస్తులు. ఒక్కోదానికి తిరిగిరాని ఫీజు రెండు లక్షలు. కేవలం దరఖాస్తుల మీదే 2,639 కోట్లు. దీన్ని ‘కిక్కే కిక్కు’ అని సరదా బాక్సుగా వేశాం. ఇంకో పేజీలో రైతు రుణమాఫీ: మిగిలిన 19 వేల కోట్ల మాఫీని ఆగస్టు 3 నుంచి మొదలుపెట్టి నెలన్నరలో పూర్తిచేయాలని కేసీఆర్ ఆదేశం. జిల్లా పేజీల్లో, వీటన్నిటికీ దూరంగా, ‘పదో తారీఖు దాటినా జీతాల్లేవు’ అని టీచర్ల సంఘం ప్రకటన, సింగిల్ కాలమ్.

ఒకే ఖజానా, ఒకే నెల, అయిదు పేజీలు. అమ్మకం, లీజు, ఫీజు కలిపితే 13,300 కోట్ల పైన వస్తోంది. అటు 19 వేల కోట్లు ఖర్చు పెట్టాలి. నడుమ జీతాలు ఆలస్యమవుతున్నాయి. ఎన్నికల ముందు ప్రభుత్వం చేతిలో నగదు ఆడటం లేదా అన్న ప్రశ్న ఎవరికైనా తట్టాలి. మాకు తట్టలేదంటే తెలివి లేక కాదు. కోకాపేట రియల్ ఎస్టేట్ బీటు, ఔటర్ మున్సిపల్ బీటు, మద్యం ఎక్సైజ్ బీటు, రుణమాఫీ వ్యవసాయం బీటు, జీతాలు జిల్లా వాళ్లవి. ఆర్థిక శాఖ బీటు అంటే మా దగ్గర బడ్జెట్ రోజు ఒక్కరోజే. మిగతా 364 రోజులు ఆ బీటు మనిషి సచివాలయంలో బదిలీల వార్తలు రాస్తుంటాడు. ఖజానాకు పేపర్లో ఇల్లు లేదు, అన్నీ అద్దె గదులే.

నాలుగు నెలల తర్వాత శ్వేతపత్రం, ఖజానాలో సొంత నిల్వ ఉండి నడిచిన రోజులు 2014–15లో 303 ఉంటే 2023లో 30కి పడిపోయాయని చెప్పింది. మిగతా రోజులు ఆర్‌బీఐ దగ్గర చేబదులు, ఓవర్‌డ్రాఫ్టు. ఆ నగదు కటకట మా జిల్లా పేజీల సింగిల్ కాలమ్‌లలో ముక్కలు ముక్కలుగా అప్పటికే అచ్చయి ఉంది.

మిగులు రాష్ట్రం, ధనిక రాష్ట్రం అన్న మాటలు మేమూ పదేళ్లు కొటేషన్ గుర్తులు లేకుండా వాడాం. 2016–17కు రాష్ట్రం చూపిన 1,386 కోట్ల రెవెన్యూ మిగులు, లెక్కలు సరిగ్గా రాసుంటే 5,392 కోట్ల లోటు అయ్యేదని ప్రభుత్వ ఖాతాలు తనిఖీ చేసే కాగ్ 2018లోనే చెప్పింది. దాన్ని లోపలి పేజీలో వేసి, వారం తర్వాత మళ్లీ ‘మిగులు రాష్ట్రం’ అని రాసుకున్నాం.

ఎవరి సంతకం

నాయకుల బాధ్యత అనగానే మా కాపీల్లో వచ్చే వాక్యం ఒకటుంది: ‘గత ప్రభుత్వ నిర్వాకం వల్ల’. రెండు రాష్ట్రాల్లో ఎవరొచ్చినా ఇదే వాక్యం. ‘గత ప్రభుత్వం’ అంటే మనుషులు కనపడరు. అందుకని రెండో సంచిలోంచి కాళేశ్వరం అప్పును తీసుకుని, అది పుట్టినప్పుడు ఆర్థిక శాఖ ఎవరి దగ్గరుందో వరసగా రాసి చూశాం.

2014 నుంచి 2018 దాకా ఈటల రాజేందర్. 2018 ఎన్నికల తర్వాత కొన్ని నెలలు కేసీఆర్ తన దగ్గరే పెట్టుకున్నారు, 2019 ఓటాన్ అకౌంట్ (కొన్ని నెలల తాత్కాలిక) బడ్జెట్ ఆయనే చదివారు. 2019 సెప్టెంబరు నుంచి 2023 దాకా హరీశ్‌రావు. ఈటల 2021లో బీజేపీలో చేరారు, ఇప్పుడు మల్కాజిగిరి ఎంపీ. అంటే ‘గత ప్రభుత్వం’ అన్న ఒక్క మాట కింద ఇవాళ రెండు పార్టీల నాయకులున్నారు. విమర్శించే పార్టీని బట్టి ఈ పేర్లలో ఒకటి మాయమవుతూ ఉంటుంది. కాళేశ్వరం మీద వేసిన జస్టిస్ పీసీ ఘోష్ కమిషన్ 2025 జూన్‌లో ముగ్గుర్నీ పిలిచింది. ఈటల 6న, హరీశ్ 9న, కేసీఆర్ 11న. మేం ఆరేడు నెలలు ఆలోచించి వేసుకున్న పట్టికలో ఉన్న పేర్లే. కమిషన్ పిలిచేదాకా ఆగాల్సిన అవసరం పేపర్‌కు లేదు.

కాళేశ్వరాన్నే ఎందుకు తీసుకున్నామంటే దాని కాగితాల దారి కనబడుతుంది. 2024 ఫిబ్రవరి 15న అసెంబ్లీలో పెట్టిన కాగ్ నివేదిక, ప్రాజెక్టు ఖర్చు 81,911 కోట్లని చెప్పింది 1,47,427 కోట్లు దాటొచ్చని, పెట్టిన ప్రతి రూపాయికి వచ్చే ప్రయోజనం 52 పైసలని తేల్చింది. 2023 అక్టోబరు 21న కాళేశ్వరంలో భాగమైన మేడిగడ్డ బ్యారేజీ పిల్లర్ కుంగినప్పుడు మా పేజీలన్నీ పిల్లర్ ఫొటోలే. ఆ పిల్లరు మీద ఎంత అప్పుంది, ఎన్నేళ్లు కట్టాలి, కడుతున్న సంస్థకు రాబడి ఎక్కడినుంచి వస్తుంది అన్నది మేం రాసేసరికి ఎన్నికలైపోయాయి.

సంతకాల లెక్కలో కొత్త ప్రభుత్వానికీ మినహాయింపు ఇవ్వలేదు. ఇవ్వకూడదు కూడా. కార్పొరేషన్ల అప్పును శ్వేతపత్రంలో అంత గట్టిగా ఎండగట్టిన ఏడాదికి, రాష్ట్ర పారిశ్రామిక మౌలిక సదుపాయాల సంస్థ టీజీఐఐసీ ద్వారా బాండ్లు అమ్మి దాదాపు పది వేల కోట్లు తెచ్చారు. ఆ డబ్బుకు తాకట్టు అన్న చర్చ హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ పక్కనున్న కంచ గచ్చిబౌలి 400 ఎకరాల గొడవతో బయటికొచ్చింది. 2025 మార్చి చివర బుల్‌డోజర్లు, నెమళ్ల వీడియోలు, ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు ఆపమనడం. మా పేపర్లో చెట్ల వార్త ఉంది, విద్యార్థుల వార్త ఉంది, ఈసారి బాండ్ల వార్త కూడా మొదటి రోజే ఉంది. అది మా పట్టిక పుణ్యమే. రెండో సంచిలోకా, మూడో సంచిలోకా అన్న ప్రశ్నతో సహా వేశాం.

సభ తరఫున ఇదంతా అడగాల్సింది ప్రజా పద్దుల కమిటీ. సంప్రదాయంగా ఛైర్మన్ ప్రతిపక్షం మనిషి. 2019 నుంచి మజ్లిస్‌కు చెందిన అక్బరుద్దీన్ ఒవైసీ ఉన్నారు, అప్పటి ప్రభుత్వానికి అది మిత్రపక్షం. కాంగ్రెస్ ప్రభుత్వం వచ్చాక, 2024 సెప్టెంబరులో ఆ కుర్చీ అరెకపూడి గాంధీకి వెళ్లింది. బీఆర్‌ఎస్ గుర్తు మీద గెలిచి కాంగ్రెస్ వైపు వచ్చిన ఎమ్మెల్యే అని బీఆర్‌ఎస్ భగ్గుమంది. ఆ వెంటనే బీఆర్‌ఎస్ ఎమ్మెల్యే కౌశిక్‌రెడ్డితో సవాళ్లు, ఇంటి ముందు రాళ్లు, అద్దాలు. మూడు రోజులు మొదటి పేజీ. కమిటీ ముందు ఏ కాగ్ పేరాలు (ఆడిట్ అభ్యంతరాలు) పెండింగ్‌లో ఉన్నాయన్నది ఒక్క లైను కూడా లేదు. ఆ మూడు రోజులూ డెస్కులో ఇన్‌ఛార్జిని నేనే.

మార్చినవి

డెస్కు గోడకు పెద్ద సిద్ధాంతాలేమీ అంటించలేదు. కంప్యూటర్లో ఒక షీటు తెరిచాం. వరసకో అప్పు. నిలువు గళ్లు అయిదు: ఏ సంచి, ఏ తారీఖు నాటి అంకె, అంచనానా అసలా, కిస్తీ ఎవరు కడతారు, అనుమతి ఎవరిది. ఏ అంకె పేజీ ఎక్కాలన్నా మొదటి మూడు గళ్లు నిండాలి. నిండకపోతే అంకె హెడ్డింగ్‌లోకి వెళ్లదు, కాపీలో మాత్రం ‘ఫలానా వారు చెప్పిన ప్రకారం’ అని ఉంటుంది. ‘తలా’ హెడ్డింగ్‌ను పూర్తిగా మానేశాం. లెక్క తప్పని కాదు. అప్పును తలల మీద పంచేస్తే తెచ్చినవాడి తల కూడా ఆ మూడున్నర కోట్లలో ఒకటైపోతుంది.

మంగళవారం పని ఇంకా తేలిక. సాయంత్రం ఆర్‌బీఐ వేలం ఫలితాల ప్రకటన వస్తుంది. ఏ రాష్ట్రం ఎంత తీసుకుంది, ఎన్నేళ్లకు, ఎంత వడ్డీకి. దాన్ని షీటులో ఎక్కించడానికి పది నిమిషాలు. కాగ్ వెబ్‌సైటులో రాష్ట్రాల నెలవారీ ఖాతాల లెక్క వస్తుంది, అదీ ఎక్కిస్తాం. ప్రతి వారం వార్త వెయ్యనక్కర్లేదు. కానీ 2025లో ముఖ్యమంత్రి రేవంత్‌రెడ్డి, నెలకు వచ్చేది పద్దెనిమిదిన్నర వేల కోట్లయితే జీతాలకూ కిస్తీలకూ చెరో ఆరున్నర వేల కోట్లు పోతోందని చెప్పినప్పుడు, పక్కన పెట్టడానికి మా దగ్గర మా అంకెలున్నాయి. ఆయన మాటను ఖండించనూ లేదు, ఊరికే ఎత్తి పెట్టనూ లేదు. మిగిలిన అయిదున్నర వేల కోట్లలోంచి ఆరు గ్యారంటీలకు ఎంత కావాలని ఎన్నికల ముందు లెక్కేశారు అన్నదే మా వార్త.

మొదటి అసలు పరీక్ష మాత్రం ఆంధ్రప్రదేశ్‌లో వచ్చింది. 2024 జులై 26న చంద్రబాబు నాయుడు అసెంబ్లీలో ఆర్థిక శ్వేతపత్రం పెట్టారు, మొత్తం 9.74 లక్షల కోట్లు. అంతకుముందు ఎన్నికల సభల్లో కూటమి నేతలు 14 లక్షల కోట్ల దాకా అన్నారు, మా పేపరూ వేసింది. జగన్ ఏమో 7.48 లక్షల కోట్లే అన్నారు. ఆ సాయంత్రం నేను ముందు షీటు తెరిచాను. 9.74లో అప్పులే కాదు, కట్టాల్సిన బిల్లుల బకాయిలూ ఉన్నాయి. కాంట్రాక్టరుకు ఇవ్వాల్సిన బిల్లు బాకీయే గానీ, ఇరవై ఏళ్ల బాండు లాంటిది కాదు, అలాగని లేనట్టు నటించేదీ కాదు. మూడు అంకెలనూ మూడు గళ్లలో పెట్టి, ఏది దేన్ని కలిపింది, దేన్ని వదిలింది అని గ్రాఫిక్ వేశాం. ‘14 ఎలా 9.74 అయింది?’ అని అధికారపక్షాన్ని అడిగిన బాక్సు, ‘7.48లో బిల్లులెక్కడ?’ అని ప్రతిపక్షాన్ని అడిగిన బాక్సు. రెండు పార్టీల వాళ్లూ ఫోన్లు చేసి తిట్టారు. సర్క్యులేషన్ వాళ్లు పేజీ చప్పగా ఉందన్నారు. ప్రాస లేదు కదా.

చేయలేకపోయిన పనులూ ఉన్నాయి. బీట్ల విభజన అలాగే ఉంది. ఖజానాకు ఒక మనిషిని పూర్తిగా కేటాయించమంటే, యాడ్స్ లేని పేజీకి మనిషా అన్నారు. రంగారెడ్డి జిల్లా తలసరి ఆదాయం రాష్ట్రంలో కిందున్న జిల్లాలకు ఎన్నో రెట్లు. అప్పు తెచ్చిన డబ్బు ఏ జిల్లాలో ఎంత దిగిందో ఇంతవరకు ఒక్క పేజీ కూడా చేయలేకపోయాం. జిల్లా డెస్కులకు షీటు పంపితే వాడినవాళ్లు ఇద్దరు. 2025 మార్చి 19న భట్టి 3,04,965 కోట్ల బడ్జెట్ పెట్టిన రాత్రి, ఒక జిల్లా ట్యాబ్లాయిడ్‌లో మళ్లీ ‘తలా...’ కనపడింది. ఫోన్ చేస్తే అక్కడి సబ్ ఎడిటర్, ‘మీరు పెట్టిందే కదన్నా అప్పట్లో, బాగుందని’ అన్నాడు.

కరీంనగర్ పెద్దాయనకు షీటు ప్రింటు తీసి పోస్టులో పంపాను. వారానికి తిరిగొచ్చింది. మూడు చోట్ల ఎర్ర పెన్నుతో సున్నాలు చుట్టి, నాలుగో సంచి వరస ఎదురుగా, ‘అనుమతి ఎవరిది’ గడిలో ఒక ప్రశ్న గుర్తు పెట్టారు. 59,414 కోట్లకు హామీ లేదు సరే, ఆ సంస్థల బోర్డుల్లో కూర్చుని తీర్మానాలు చేసిందెవరు అని. దాని మీద ఒక కార్యాలయానికి సమాచార హక్కు దరఖాస్తు పెట్టాం. ‘కోరిన సమాచారం ఆ రూపంలో నిర్వహించబడుట లేదు’ అని జవాబొచ్చింది. అప్పీలు వేశాం. ఆ గడి ఇంకా ఖాళీగానే ఉంది.